కాస్మాలజీ ప్రొఫెసర్ అసలేం చేస్తారు? నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

ఇరవై ఏళ్లకు పైగా కాస్మాలజీ పాఠాలు చెబుతున్నాను, గెలాక్సీలు విశ్వంలో ఎలా పరుచుకుని ఉన్నాయన్న దాని మీద పరిశోధన చేస్తున్నాను. ఉపన్యాసం అయిపోయాక వేదిక దగ్గరికి వచ్చి అడిగేవాళ్లు, అర్ధరాత్రి ఈమెయిల్ రాసేవాళ్లు, పీహెచ్‌డీలో చేరాలా వద్దా అని నలిగిపోయే విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు, అందరూ అడిగేవి ఇంచుమించు ఇవే. హడావుడిలో అరకొరగా చెప్పి పంపేయడం నాకు నచ్చదు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ఆస్ట్రోఫిజిక్స్, కాస్మాలజీ రెండూ ఒకటేనా?

ఒకటి కాదు, కానీ పక్కపక్క ఇళ్లు. నక్షత్రం ఎలా పుడుతుంది, ఎందుకు పేలుతుంది, బ్లాక్ హోల్ చుట్టూ వాయువు ఎలా వేడెక్కుతుంది, ఇదంతా ఆస్ట్రోఫిజిక్స్. మొత్తం విశ్వాన్నే ఒక వస్తువుగా తీసుకుని దాని వయసెంత, దేనితో తయారైంది, ఎంత వేగంగా వ్యాకోచిస్తోంది అని అడిగితే అది కాస్మాలజీ. విశ్వం వ్యాకోచాన్ని కొలవడానికి సూపర్‌నోవాలను, అంటే పేలిపోయే నక్షత్రాలను, వాడుకుంటాం కాబట్టి నక్షత్రం ఎలా పేలుతుందో తెలియకుండా కాస్మాలజీ చేయలేం.

రాత్రంతా టెలిస్కోప్ దగ్గరే కూర్చుంటారా?

విద్యార్థిగా ఉన్నప్పుడు కొన్ని రాత్రులు కూర్చున్నాను, కంటితో చూస్తూ కాదు, కంట్రోల్ రూమ్‌లో స్క్రీన్ల ముందు, మబ్బు ఎప్పుడు తొలుగుతుందా అని గంటకోసారి బయటికి వెళ్లి ఆకాశం చూసుకుంటూ. ఇప్పుడు నా పనిలో ఎక్కువ భాగం డేటాతోనే. పొద్దున్నే రాత్రి కంప్యూటర్‌కి అప్పజెప్పిన లెక్కలు పూర్తయ్యాయో లేదో చూడటం, విద్యార్థులతో కూర్చుని వాళ్లు గీసిన గ్రాఫులు చూడటం, క్లాసు చెప్పడం, వేరే దేశాల్లో ఉన్న సహచరులతో కాల్స్, ఎవరో రాసిన పేపర్‌ను రివ్యూ చేయడం. వీటన్నిటి మధ్య సొంత పరిశోధనకు రెండు గంటలు దొరికితే అది మంచి రోజే.

పని తీరు ఎంత మారిందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ. గెలాక్సీల మ్యాపు తయారుచేసే స్లోన్ డిజిటల్ స్కై సర్వే మొదట్లో ప్రతి ఆకాశ భాగానికీ ఒక అల్యూమినియం పలక తయారు చేసి, ఏ గెలాక్సీ ఎక్కడ పడుతుందో సరిగ్గా అక్కడ రంధ్రాలు చేసేవాళ్లు. ఒక్కో పలకలో గెలాక్సీల కాంతిని పట్టుకునే 640 ఆప్టికల్ ఫైబర్లను పగటిపూట మనుషులు చేత్తో గుచ్చేవాళ్లు, రాత్రి దాన్ని టెలిస్కోప్‌కి బిగించేవాళ్లు. ఇప్పుడు అరిజోనాలోని కిట్ పీక్ మీద 4 మీటర్ల మేయాల్ టెలిస్కోప్‌కి అమర్చిన డెసీ అనే పరికరంలో 5000 చిన్న రోబోలు ఉన్నాయి. ఒక్కో రోబో ఒక్కో ఫైబర్‌ని పట్టుకుని, వెంట్రుక మందం కన్నా బాగా తక్కువ తేడాతో, తన గెలాక్సీ కాంతి పడే చోటికి చేరుస్తుంది. చేత్తో గుచ్చిన పలకల నుంచి వచ్చిన డేటాతోనే నా తరం వాళ్లం పని నేర్చుకున్నాం, ఆ గుచ్చినవాళ్లంటే నాకు ఇప్పటికీ ఎంతో గౌరవం.

మీ పరిశోధన దేని మీద? మామూలు మాటల్లో చెప్పగలరా?

ప్రయత్నిస్తాను, ఎందుకంటే దీని గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు.

విశ్వం మొదటి 3 లక్షల 80 వేల ఏళ్లు వేడి ప్లాస్మాగా ఉండేది. ఎలక్ట్రాన్లు, ప్రోటాన్లు విడివిడిగా తిరుగుతూ, కాంతిని దారి పొడుగునా చెదరగొడుతూ ఉండేవి. కాంతి, పదార్థం ఒకదాన్నొకటి పట్టుకుని ఒకే ద్రవంలా కదిలేవి కాబట్టి ఎక్కడైనా కాస్త సాంద్రత ఎక్కువగా ఉంటే అక్కడి నుంచి గుండ్రంగా ఒక అల బయలుదేరేది. అది నిజమైన ధ్వని తరంగమే. విశ్వం చల్లబడి దాదాపు 3000 డిగ్రీలకు వచ్చేసరికి ఎలక్ట్రాన్లు ప్రోటాన్లతో కలిసి హైడ్రోజన్ పరమాణువులయ్యాయి, కాంతికి అడ్డు తొలగింది, అల ఉన్నచోటే ఆగిపోయింది. ఏ ఉష్ణోగ్రత దగ్గర ఈ కలయిక జరుగుతుందన్న లెక్క మేఘనాథ్ సాహా 1920లో ఇచ్చిన సమీకరణంతో మొదలవుతుంది. హైడ్రోజన్ నుంచి ఎలక్ట్రాన్‌ను లాగేయడానికి కావలసిన శక్తిని బట్టి చూస్తే లక్ష డిగ్రీల పైనే కలిసిపోవాలి కదా, 3000 దాకా ఎందుకు ఆగాయి అని క్లాసులో ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు, ఆ ప్రశ్న కోసం నేను ఎదురుచూస్తాను. ఒక్కో ప్రోటాన్‌కు వంద కోట్లకు పైగా ఫోటాన్లు, అంటే కాంతి కణాలు, ఉన్నాయి. సగటు ఫోటాన్‌కి శక్తి చాలకపోయినా, అంత పెద్ద గుంపులో బాగా శక్తి ఉన్నవి కొన్నైనా మిగిలే ఉంటాయి, అవే పరమాణువులను మళ్లీ మళ్లీ విడగొడుతూ వచ్చాయి.

ఆగిపోయిన ఆ అలల ముద్ర గెలాక్సీల అమరికలో ఇప్పటికీ ఉంది. విశ్వంతో పాటు సాగి సాగి ఇప్పుడు దాని వ్యాసార్థం దాదాపు 50 కోట్ల కాంతి సంవత్సరాలైంది. అంటే ఒక గెలాక్సీ నుంచి అంత దూరంలో ఇంకో గెలాక్సీ ఉండే అవకాశం మామూలు కన్నా కాస్త ఎక్కువ, ఆ ఎక్కువ కూడా నూటికి ఒకటి లాంటిది. చాలా పెద్ద సంఖ్యలో గెలాక్సీలను జతలు జతలుగా లెక్కపెడితే తప్ప కనపడదు. 2005లో స్లోన్ సర్వేలోని 46,748 గెలాక్సీలతో ఒక బృందం, 2డీఎఫ్ అనే ఇంకో గెలాక్సీ సర్వేతో మరో బృందం దీన్ని మొదటిసారి చూపించాయి. ఆ దూరం మనకు స్కేలు లాంటిది. వేర్వేరు కాలాల్లో ఆ స్కేలు ఎంత కోణంలో కనపడుతోందో కొలిస్తే విశ్వం ఎప్పుడెప్పుడు ఎంత వ్యాకోచించిందో తెలిసిపోతుంది. నా పని ఆ స్కేలును కొలవడం, ఆ కొలతలో ఎక్కడ పొరపాటు దూరగలదో వెతకడం. రెండో దానికే ఎక్కువ సమయం పోతుంది.

డార్క్ మ్యాటర్ నిజంగా ఉందా, లెక్క కుదరక పెట్టుకున్న పేరా?

మంచి అనుమానమే. డార్క్ మ్యాటర్ అంటే కంటికి కనపడకుండా గురుత్వాకర్షణ మాత్రం చూపించే పదార్థం. 1933లో ఫ్రిట్జ్ జ్వికీ కోమా గెలాక్సీ గుంపులో గెలాక్సీలు మరీ వేగంగా తిరుగుతున్నాయని, కనపడే పదార్థం గురుత్వాకర్షణ వాటిని పట్టి ఉంచడానికి చాలదని గమనించారు. 1970లో వెరా రూబిన్, కెంట్ ఫోర్డ్ ఆండ్రోమెడా గెలాక్సీ అంచుల్లోని వాయువు కూడా లోపలి భాగమంత వేగంగానే తిరుగుతోందని కొలిచారు, కనపడే పదార్థమే ఉంటే అంచుల్లో అది నెమ్మదించాలి. చాలామంది ఇక్కడితో ఆపేసి, గురుత్వాకర్షణ సూత్రమే మారుస్తే సరిపోతుందిగా అంటారు. మోర్డెహై మిల్‌గ్రోమ్ 1983లో అలాంటి మార్పే ప్రతిపాదించారు, ఒక్కో గెలాక్సీ విషయంలో అది ఆశ్చర్యపోయేంత బాగా పనిచేస్తుంది కూడా. గెలాక్సీ గుంపుల దగ్గరికి వచ్చేసరికి చాలదు, ఇంకా పాత విశ్వం దగ్గరికి వెళితే అసలు కుదరదు.

నన్ను ఒప్పించింది ఆ పాత విశ్వమే. 3 లక్షల 80 వేల ఏళ్ల వయసులో మామూలు పదార్థంలో హెచ్చుతగ్గులు లక్షలో ఒక వంతు స్థాయిలోనే ఉన్నాయి, కాంతి దాన్ని గుమిగూడనివ్వలేదు. అంత చిన్న హెచ్చుతగ్గుల నుంచి ఇప్పటి గెలాక్సీలు తయారవ్వడానికి విశ్వం వయసైన 1380 కోట్ల ఏళ్లు చాలవు. కాంతితో సంబంధం లేని పదార్థం ఏదో అప్పటికే గుమిగూడి, మామూలు పదార్థం వచ్చి పడేలా గురుత్వాకర్షణ గుంటలు సిద్ధం చేసి ఉంచితేనే లెక్క సరిపోతుంది. అదేం కణమో మాత్రం ఎవరికీ దొరకలేదు. దక్షిణ డకోటాలో ఒకటిన్నర కిలోమీటరు లోతున, ఆ కణం కోసం వెతికే ఎల్‌జెడ్ ప్రయోగం 7 టన్నుల ద్రవ జెనాన్ పెట్టుకుని కాచుకుని ఉంది, ఇంతవరకూ దాని జాడ లేదు.

విశ్వం దేనిలోకి వ్యాకోచిస్తోంది? బిగ్ బ్యాంగ్‌కి ముందు ఏముంది?

దేనిలోకీ కాదు. గెలాక్సీల మధ్య దూరాలు పెరుగుతున్నాయి, అంతే, బయట ఖాళీ స్థలం అవసరం లేదు. ఇక ముందు ఏముందంటే, మన దగ్గరున్న సిద్ధాంతాలు ఆ క్షణం దాకా పనిచేయవు. బిగ్ బ్యాంగ్ అంటే ఒక చోట జరిగిన పేలుడు కాదు, విశ్వం అంతటా వేడిగా, దట్టంగా ఉన్న దశ. ఆ దశ ఉండిందనడానికి సాక్ష్యం 1965లో పెన్జియాస్, విల్సన్ ప్రకటించిన మైక్రోవేవ్ కాంతి, అది ఆ వేడి దశ నుంచి ఇప్పటికీ ప్రయాణిస్తున్న కాంతి, ఇప్పుడు దాని ఉష్ణోగ్రత 2.725 కెల్విన్.

హబుల్ టెన్షన్ అంటే ఏమిటి?

విశ్వం ఇప్పుడు ఎంత వేగంగా వ్యాకోచిస్తోందో రెండు దారుల్లో కొలిస్తే రెండు జవాబులు వస్తున్నాయి. మైక్రోవేవ్ కాంతిని కొలిచిన ప్లాంక్ ఉపగ్రహం డేటా నుంచి లెక్కకడితే ఒక్కో మెగాపార్సెక్ (దాదాపు 32.6 లక్షల కాంతి సంవత్సరాలు) దూరానికి సెకనుకు 67.4 కిలోమీటర్లు, అటూ ఇటూ అర. వెలుగు పెరుగుతూ తగ్గుతూ కొట్టుకునే సెఫీడ్ నక్షత్రాలు, సూపర్‌నోవాలతో నేరుగా దూరాలు కొలుచుకుంటూ వెళితే 73, అటూ ఇటూ ఒకటి. సెఫీడ్ ఎంత ప్రకాశవంతమైతే అంత నెమ్మదిగా కొట్టుకుంటుందని హెన్రియెటా లీవిట్ 1912లో చూపించిన సూత్రం ఈ రెండో దారికి పునాది.

వేగం మీద 8 శాతం తేడా అంటే చిన్నదిగా కనిపించొచ్చు, కానీ ఖగోళ శాస్త్రవేత్త ఎడ్విన్ హబుల్ 1929లో చెప్పిన విలువ దాదాపు 500. అప్పట్లో పొరపాట్లు రెట్లలో ఉండేవి, ఇప్పుడు మేం శాతాల కోసం కొట్టుకుంటున్నాం. ఏ దారిలో తప్పుందో, లేక కొత్త భౌతికశాస్త్రమే దాగి ఉందో ఇంకా తేలలేదు. నా మొగ్గు అడిగితే, జేమ్స్ వెబ్ టెలిస్కోప్ సెఫీడ్‌లను మరింత స్పష్టంగా చూసి కూడా పాత కొలతలనే బలపరిచింది కాబట్టి పక్క నక్షత్రాల వెలుగు సెఫీడ్‌లతో కలగలిసి కొలత తప్పడమే కారణమన్న వాదన బాగా బలహీనపడిందని అంటాను. అంతకు మించి పందెం కాయను.

డార్క్ ఎనర్జీ బలహీనపడుతోందని వార్తల్లో చదివాను, నిజమేనా?

1998లో రెండు బృందాలు సూపర్‌నోవాలతో విశ్వ వ్యాకోచం వేగం పుంజుకుంటోందని కనుక్కున్నాయి. దానికి కారణమైన దాన్నే డార్క్ ఎనర్జీ అంటున్నాం, విశ్వం లెక్కలో దాదాపు 68 శాతం అదే. ఇన్నాళ్లూ అది కాలంతో మారదనే అనుకుంటూ వచ్చాం. 2025 మార్చిలో డెసీ బృందం 1.4 కోట్లకు పైగా గెలాక్సీలు, క్వేజార్లతో (బ్లాక్ హోల్ వల్ల విపరీతంగా వెలిగే గెలాక్సీ కేంద్రాలు) ప్రకటించిన ఫలితాల్లో అది మారుతూ ఉండొచ్చన్న సూచన కనిపించింది. ఏ సూపర్‌నోవా డేటాతో కలుపుతారన్న దాన్ని బట్టి ఆ సూచన బలం 2.8 నుంచి 4.2 సిగ్మాల దాకా మారుతోంది. సిగ్మా అంటే ఫలితం యాదృచ్ఛికం కాదని ఎంత గట్టిగా చెప్పగలమో చూపే కొలమానం. మా రంగంలో కనుగొన్నాం అనడానికి 5 సిగ్మాలు కావాలి, అంటే యాదృచ్ఛికంగా అలా కనపడే అవకాశం 35 లక్షల్లో ఒకటి.

దీన్ని తేలిగ్గా తీసుకోను, తేలిందనీ అనను. 2014లో బైసెప్2 అనే టెలిస్కోప్ బృందం విశ్వం తొలి క్షణాల గురుత్వ తరంగాల ముద్ర చూశామని ప్రకటించింది, ప్రపంచమంతా పండగ చేసుకుంది, ఏడాది తిరక్కుండానే ప్లాంక్ డేటాతో కలిపి చూస్తే ఆ సంకేతానికి మన గెలాక్సీలోని ధూళే చాలని తేలింది. వాళ్లు అసమర్థులేం కాదు, ఆ పరికరం అద్భుతమైనది. మనకూ మనం చూడాలనుకున్న దానికీ మధ్య ఏమేం ఉన్నాయో పూర్తిగా తెలుసుకోవడం అంత కష్టం.

మీరు ఎప్పుడైనా పెద్ద తప్పు చేశారా?

చేశాను. పీహెచ్‌డీ రెండో ఏడాదిలో నా గెలాక్సీ మ్యాపులో, చాలా పెద్ద దూరాల దగ్గర, ఉండాల్సిన దానికన్నా ఎక్కువ హెచ్చుతగ్గులు కనపడ్డాయి. విశ్వం తొలి క్షణాల గురించి కొత్త సంగతి చెప్పే సంకేతం సరిగ్గా అలాగే ఉంటుంది. నాలుగు నెలలు నిద్ర సరిగ్గా పట్టలేదు, పేపర్‌కి శీర్షిక కూడా రాసుకున్నాను. ఒక రోజు పక్క డెస్కులో ఉండే సీనియర్ నా మ్యాపు చూసి, "మన గెలాక్సీలో నక్షత్రాలు ఎక్కడ ఎక్కువున్నాయో ఆ మ్యాపు దీని పక్కన పెట్టి చూశావా?" అని అడిగారు. పెట్టాను. ఒకదాని మీద ఒకటి అచ్చు తిరగేసినట్టు ఉన్నాయి. నక్షత్రాలు దట్టంగా ఉన్నచోట వాటి వెలుగులో మసక గెలాక్సీలను సాఫ్ట్‌వేర్ వదిలేసింది, అక్కడ గెలాక్సీలు తక్కువున్నట్టు నాకు కనపడింది. అది విశ్వం సంగతి కాదు, మా కేటలాగ్ సంగతి.

ఆ రోజు బాధపడ్డాను. కానీ తర్వాత ఆ నక్షత్రాల ప్రభావాన్ని ఎలా సరిదిద్దాలన్నదే నా థీసిస్‌లో ఒక అధ్యాయమైంది, ఇప్పటికీ ఎక్కువగా అదే పనిచేస్తున్నాను.

ఇలాంటి ఆశలు లెక్కలోకి దూరకుండా ఇప్పుడు పెద్ద సర్వేల్లో బ్లైండింగ్ చేస్తారు. డేటాలో ముందే ఒక రహస్య మార్పు కలిపేస్తారు, అసలు జవాబు ఎవరికీ కనపడదు. పరీక్షలన్నీ పాసయ్యాక, ఇక ఏమీ మార్చం అని రాసుకున్నాక, ఒక రోజు అందరూ కాల్‌లో చేరతారు, ఒకరు ఎంటర్ నొక్కుతారు, గ్రాఫు తెరుచుకునే ఆ పది పదిహేను సెకన్లు ఎవరూ మాట్లాడరు. నా ఉద్యోగంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన నిశ్శబ్దం అది.

ప్రొఫెసర్ అవ్వాలంటే ఎన్నేళ్లు పడుతుంది?

డిగ్రీ, మాస్టర్స్ అయ్యాక పీహెచ్‌డీకి నాలుగు నుంచి ఆరేళ్లు. తర్వాత పోస్ట్‌డాక్, రెండు మూడేళ్ల కాంట్రాక్టు, మామూలుగా అలాంటివి రెండు, ఒక్కోసారి మూడు. ఆ తర్వాత దొరికితే శాశ్వత ఉద్యోగం. పోస్ట్‌డాక్ దశ గురించి దాచకుండా చెబుతాను, ఎందుకంటే నాకు ఎవరూ చెప్పలేదు. ఒక ఊళ్లో స్థిరపడ్డామనుకునేలోపు మళ్లీ అప్లికేషన్లు మొదలవుతాయి, జీవిత భాగస్వామి ఉద్యోగం ఒక చోట, మనది ఒక చోట అవుతుంది, శరదృతువులో పంపిన అప్లికేషన్ల జవాబుల కోసం శీతాకాలమంతా టెన్షన్. బాగా పనిచేసే వాళ్లందరికీ ప్రొఫెసర్ ఉద్యోగం రాదు, ఉన్న ఉద్యోగాలే తక్కువ. రానివాళ్లు తక్కువవాళ్లు కారు. నా విద్యార్థుల్లో డేటా సైన్స్‌లోకి, వాతావరణ మోడలింగ్‌లోకి, వైద్య చిత్రాల విశ్లేషణలోకి వెళ్లినవాళ్లున్నారు, మంచి పనులు చేస్తున్నారు. ఇది మొదటి ఏడాదే విద్యార్థితో మాట్లాడాల్సిన విషయం, చివరి ఏడాది కాదు.

గైడ్‌ని ఎలా ఎంచుకోవాలి?

పేరు చూసి కాదు. ఇప్పుడున్న విద్యార్థులతో విడిగా మాట్లాడండి, గైడ్ వారానికి ఎంతసేపు సమయం ఇస్తారు, తప్పు జరిగితే ఎలా మాట్లాడతారు అని అడగండి. గొప్పవాళ్లు కూడా పొరబడతారని గుర్తుంచుకోండి. సిసీలియా పేన్ 1925లో తన థీసిస్‌లో, సాహా సమీకరణం ఆధారంగానే, నక్షత్రాల్లో అత్యధికం హైడ్రోజనే అని లెక్కకట్టారు. ఆ కాలపు పెద్ద శాస్త్రవేత్త హెన్రీ నారిస్ రసెల్ అది అసాధ్యమనడంతో, ఆ ఫలితం దాదాపుగా నిజం కాదని తన థీసిస్‌లో తనే రాసుకోవాల్సి వచ్చింది. నాలుగేళ్ల తర్వాత రసెల్ వేరే దారిలో అదే ఫలితానికి వచ్చారు. విద్యార్థి గ్రాఫు నా అంచనాకు విరుద్ధంగా వచ్చినప్పుడల్లా నాకు ఆవిడ గుర్తొస్తుంది, నోరు మూసుకుని ముందు గ్రాఫు చూస్తాను.

మ్యాథ్స్ బాగా రాకపోతే కష్టమా? కోడింగ్ రావాలా?

లీనియర్ ఆల్జీబ్రా, కాల్‌క్యులస్, సంభావ్యత మీద పట్టు ఉండాలి. వీటిలో సంభావ్యతను అందరూ నిర్లక్ష్యం చేస్తారు, మాకు అన్నిటికన్నా ఎక్కువ అవసరమయ్యేది అదే. కోడింగ్ తప్పనిసరి, పైథాన్‌తో మొదలుపెడితే చాలు. వేగంగా అర్థం కాకపోవడం లోపం కాదు.

టెలిస్కోప్ సమయం ఎవరికి ఇస్తారు?

ప్రపోజల్ రాయాలి, నిపుణుల కమిటీ ఎంపిక చేస్తుంది. జేమ్స్ వెబ్ నాలుగో విడతకు 2,377 ప్రపోజల్స్ వచ్చాయి, అడిగిన సమయం ఉన్నదానికి దాదాపు తొమ్మిది రెట్లు. మంచి ఆలోచనలు కూడా తిరిగొస్తాయి, బాధపడి మళ్లీ రాయడమే. హబుల్ టెలిస్కోప్‌కి 2018 నుంచి ప్రపోజల్ రాసినవాళ్ల పేర్లు కమిటీకి కనపడకుండా చేశారు, ఎంతో ముందే చేయాల్సిన పని.

నా దగ్గర సొంత సిద్ధాంతం ఉంది, చూసి చెబుతారా?

ఇలాంటి ఉత్తరాలు వారానికి ఒకటైనా వస్తాయి, అన్నీ వివరంగా చదివే సమయం నాకు లేదు. ఆకాశం గురించి ఎవరైనా ఒంటరిగా కూర్చుని ఆలోచిస్తున్నారంటే నాకు సంతోషమే. మీరే వేసుకోగల పరీక్ష ఒకటుంది. మైక్రోవేవ్ కాంతిలో హెచ్చుతగ్గుల గ్రాఫు ఉంది, అందులో వరసగా శిఖరాలుంటాయి. ఇప్పుడున్న సిద్ధాంతం ఆరు సంఖ్యలతో ఆ శిఖరాలన్నిటినీ ఇస్తుంది. మీ సిద్ధాంతం మొదటి శిఖరం ఎక్కడ రావాలో ఒక సంఖ్యగా చెప్పగలదా? చెప్పలేకపోతే ఇంకా పని మిగిలి ఉందన్నమాట.

దీనివల్ల మనుషులకు ఉపయోగం ఏమిటి?

జీపీఎస్ గడియారాలను సాపేక్షతా సిద్ధాంతం ప్రకారం రోజుకు 38 మైక్రోసెకన్లు సవరించాలి, అది సరిచేయకపోతే ఒక్క రోజులోనే కిలోమీటర్ల తేడా వస్తుంది. ఇలాంటి ఉదాహరణలు ఇంకా ఇవ్వగలను, కానీ నేను ఈ పని చేసేది వాటి కోసం కాదు. మన శరీరంలోని హైడ్రోజన్ ఎప్పటిదో, ఎలా వచ్చిందో లెక్కకట్టి చెప్పగలగడమే నాకు చాలు. ప్రజల డబ్బుతో చేస్తున్నాం కాబట్టి ఆ లెక్క ప్రజలకు అర్థమయ్యేలా చెప్పడం కూడా నా ఉద్యోగమే.

ఇంట్లో కూర్చుని నేను ఏదైనా మొదలుపెట్టొచ్చా?

తప్పకుండా. స్లోన్ సర్వే గెలాక్సీల జాబితాలు అందరికీ ఉచితం. ఒక చిన్న భాగం, ఒక పది వేల గెలాక్సీలు దించుకోండి. ప్రతి జత మధ్యా దూరం లెక్కించి, అంతే సంఖ్యలో యాదృచ్ఛికంగా చల్లిన బిందువుల జతలతో పోల్చండి. పది వేల గెలాక్సీలతో 50 కోట్ల కాంతి సంవత్సరాల దగ్గరి గుర్తు కనపడదు, కానీ దగ్గరి దూరాల్లో గెలాక్సీలు గుంపులు కట్టడం మాత్రం స్పష్టంగా కనపడుతుంది, మీ సొంత గ్రాఫులో. ఒక్క మాట, అసలు డేటా పెట్టేముందు ఆ ప్రోగ్రామ్‌కి రెండు వైపులా యాదృచ్ఛిక బిందువులే ఇచ్చి చూడండి. జవాబు సున్నాకి దగ్గరగా రావాలి. రాకపోతే తప్పు కోడ్‌లో ఉంది, గెలాక్సీల దాకా వెళ్లకండి.